యాసిడ్ కాదని రాసిన కాయితం

లాంపన్న పోయిండన్న కబురు నాకు మనిషి నోట రాలే. పొద్దుగాల ఏడింటికి పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటె ఫోన్ల వచ్చింది, కాలనీ గ్రూపుల. ఆయన అల్లుడు పెట్టిండు. నిద్రలనే గుండె ఆగిందట. దాని కింద దండం పెట్టే బొమ్మలు వరుసగ పడుతున్నయి. ప్యాకెట్ బండ మీద పెట్టి చెప్పులేసుకునే లోపట ఇంకో మాట వచ్చి పడ్డది: "పాపం, లాంప్‌రూంల యాసిడ్ పడి వీపు కాలి మస్తు బాధపడ్డడు." దాని కింద మళ్ల పది దండాలు.

ఆ మాట రాసినోడు జిందగీల లాంప్‌రూం లోపట అడుగు పెట్టినోడు గాదు. దండాలు పెట్టినోళ్లల్ల సగం మంది ఆయన వీపు చూసినోళ్లు గాదు. అయినా అందరికీ తెలుసు! మా సెంటినరీ కాలనీల మనిషి బతికున్నప్పుడు ఎవ్వరికీ ఏం తెల్వదు, చచ్చినంక అందరికీ అన్నీ తెలుస్తయి. గందుకే నేను ఇది రాస్తున్న. మెచ్చుకునుడు రాదు నాకు. తిట్టుడు వస్తది. ఎవలన్న నొచ్చుకుంటె నొచ్చుకోర్రి.

లాంపన్న ఎవలంటె, బొగ్గు గని మీద లాంప్‌రూంల ముప్పై మూడేండ్లు డ్యూటీ చేసినాయన. కిందికి దిగే ప్రతి మనిషికి టోపీ దీపం ఇచ్చుడు, పైకి ఎక్కినంక మళ్ల తీసుకొని చార్జింగుకు పెట్టుడు. ఇప్పుడంటె దీపం, బ్యాటరీ అన్నీ అరచేతిల పట్టేటియి వచ్చినయి. గప్పుడు గట్ల గాదు. ఇటుకంత బ్యాటరీ, దాంట్ల యాసిడ్, బెల్టుకు తగిలిచ్చి నడుము ఎనుక వేలాడదీసుకొని దిగాలె. మూత జెర వదులైనా యాసిడ్ కారి అంగీ కాలేది, అంగీ కింద తోలు కాలేది.

ఆ కిటికీల లాంపన్న ఒక్క తీరుగ నిలవడేది. భుజం మీద పసుపు గుడ్డ. పక్కకు సోడా కలిపిన నీళ్ల డబ్బా. ప్రతి బ్యాటరీని తలకిందులు పట్టుకొని ఒక నిమిషం చూసేది, గుడ్డ ముంచి తుడిచేది, పొడి గుడ్డతోని మళ్ల తుడిచేది, అప్పుడు కిటికీల పెట్టి ఒక్కటే మాట అనేది: "తుడిచిన, తీస్కపో." మొదటి షిఫ్టుల ఎనుక వందమంది లైనుల నిలవడి జల్ది ఇయ్యమని ఒర్రుతుంటె సుత ఆయన చెయ్యి ఉరుకకపోయేది. షిఫ్టు చూసే ఓవర్‌మన్లు తిట్టిన్రు, మేనేజరు పిలిచి అడిగిండు. లాంపన్న విని, మళ్ల పోయి తుడిచిండు. జల్ది కావాలంటె వేరేటోన్ని పెట్టుకోమని, తుడువని దీపం మాత్రం తన చేతులకెళ్లి కిటికీ దాటదని చెప్పిండట. ఆ ముచ్చట చెప్పి నవ్వెటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. వాళ్ల వీపులు సాఫ్‌గ ఎందుకున్నయో వాళ్లకు తెల్వదు.

నేను డ్రెస్సర్ను. డిస్పెన్సరీల పుండ్లు కడిగి పట్టీలు కట్టుడు నా పని. ఇరవై తొమ్మిదేండ్లు కట్టిన. కాలిన పుండు, నలిగిన పుండు, బొగ్గు ఇరికిన పుండు, చూస్తెనే చెప్తనని నాకు పొగరు. ఆ పొగరు సంగతి తర్వాత చెప్త.

రిటైరై ఉద్యోగం దిగిన నాలుగేండ్లకు లాంపన్నకు ఛాతి పట్టుకున్నది. రామగుండం స్టేషన్ల మెట్లు ఎక్కుతుంటె సగంల కూసున్నడు. హైదరాబాద్ తోలుకపోయిన్రు. గుండెకు పోయే నరం ఒకటి పూర్తిగ మూసుకపోయింది, తొడకాడికెళ్లి సన్నని గొట్టం పంపి తెరుస్తమన్నరు. మొదటిపారి నాలుగు గంటల పైన బల్ల మీద పండవెట్టిన్రు. తెరువలే. నెల రోజులకు మళ్ల పండవెట్టిన్రు, మళ్ల అన్ని గంటలు. గీసారి తెరిచి స్టెంటు వేసిన్రు. నొప్పేమన్న అయిందా అని నేను అడిగితె, నొప్పి లేదు తమ్మీ అన్నడు, మీద ఒక పెద్ద యంత్రం తిరుగుకుంట ఉంటది, డాక్టర్లు టీవీల చూసుకుంట గుసగుస మాట్లాడుకుంటరు, నేను మన లాంప్‌రూం చార్జింగ్ రాకులు లెక్కవెట్టుకుంట పన్న అన్నడు.

ఆ డాక్టరును నేను తక్కువ చెయ్య. మూసుకపోయిన నరం తెరిచి మనిషిని మూడేండ్లు బతికిచ్చిండు. గానీ ఆయనకు కావల్సింది గుండెకాయ ఒక్కటే. దాని చుట్టు మనిషున్నడని, మనిషికి వీపున్నదని, ఇంటికి పోయినంక ఆ వీపు ఒకసారి చూసుకోమని చెప్పాలని యాదికి రాలే. ముప్పై పేజీల పుస్తకం ఇచ్చి పంపిన్రు. ఉప్పు తక్కువ తినాలని దాంట్ల నాలుగు చోట్ల ఉన్నది.

ఇంటికొచ్చిన మూడు వారాలకు వీపు మీద కుడి దిక్కు, రెక్క ఎముక కింద ఎర్రగ అయ్యింది. అరచెయ్యంత. ఇగ మొదలైన్రు మా మేధావులు. అల్లుడు జ్యోతినగర్ల ఉంటడు, కాంట్రాక్టులు చేస్తడు, ఫోన్ల చూసి అన్ని రోగాలకు పేర్లు పెడ్తడు. ఆయన, నరంల ఎక్కిచ్చిన రంగు మందు పడలేదని తేల్చిండు. రంగు మందు పడకపోతె ఒకటి రెండు రోజులల్ల ఒళ్లంత దద్దుర్లు లేస్తయి గని, మూడు వారాలు ఆగి ఒక్క తాననే ఎందుకు లేస్తది? అడిగెటోడు లేడు. చౌరస్తకాడి ఆరెంపీ తామర అని మలాము రాసిండు. ఎదురింటి అవ్వ సర్పి అని జాజు పూసింది. గుండె పట్టీలు అంటిచ్చిన జిగురుకు పొక్కిందని ఒకడు, వేడి చేసిందని ఒకడు. కొన్నాళ్లకు ఎరుపు పోయి గోధుమ రంగు తిరిగింది. తగ్గింది సూడు అని ఎవలకు వాళ్లు మందు తమదే అన్నరు.

మరుసటేడు ఎండకాలం అది గట్టివడి, దురద పెట్టి, మధ్యల తోలు పలసగ మెరిసింది. అప్పుడు లాంపన్న నా దగ్గరికొచ్చిండు.

నా క్వార్టర్ల వాకిట్ల కుర్చీ ఏసిన. అంగీ ఇప్పి ఎనుకకు తిరిగి కూసున్నడు. నేను అద్దాలు పెట్టుకొని, నిలవడి, ఇరవై తొమ్మిదేండ్ల పొగరు మొత్తం గొంతులకు తెచ్చుకొని అన్న: "ఏమున్నదన్నా, బ్యాటరీ యాసిడ్ మచ్చ. భుజాన ఏసుకొని మోసినవు గదా. పాతది ఇప్పుడు ముదిరింది."

మా దిక్కు మనుషులకే వచ్చే తప్పు ఇది. వేరే ఊర్ల డ్రెస్సర్ అయితె ఏందో తెల్వదనేటోడు. నలుపలకల మచ్చ వీపు మీద కనవడంగనే బ్యాటరీ అనుడు మాకు కండ్లల్ల పడ్డ అలవాటు. ఆయన ఉద్యోగం దిగి ఐదేండ్లు దాటింది. ఆ మచ్చ స్టెంటు వేసిన మూడు వారాలకు వచ్చిందని ఆయనే చెప్పిండు. నా చెవులల్ల పడలే. అసలు నేను విననే లే.

లాంపన్న అంగీ తొడుక్కున్నడు. గుండీలు ఒక్కొక్కటి పెట్టుకున్నడు.

"యాసిడ్ కారుతది తమ్మీ," అన్నడు. "గీత గీసి కూసోదు."

లేచి పోయిండు. చాయ్ తాగలే. ఆ తర్వాత నాలుగు నెలలు నా గడప తొక్కలే, రోడ్డు మీద కనవడితె పక్కకు తిరిగిండు. నేను సుత ముసలోనికి కోపమెక్కువైందనుకున్న. మంచిగనే తిని పన్న.

నేను యాసిడ్ అన్నంక ఇగ ఫికర్ లేకుంట అయింది అందరికీ. డ్రెస్సరే అన్నడు గద! నా మాట పట్టుకొని కాలనీ అంత తిరిగింది. ముప్పై మూడేండ్లు మంది వీపులు కాపాడినోని వీపే కాలింది సూడు అని టీ కొట్టు కాడ నవ్విన్రు. ఒకడైతె ఆయన మొఖం మీదనే, మరి మా లాంపులు గట్లనే తుడిచినవా అన్నడట. లాంపన్న భార్య, మా వదిన, చెప్పింది నాకు తర్వాత.

లాంపన్న పోయి బ్యాటరీ దుకాణం చాచాకు వీపు చూపిచ్చిండు. గోదావరిఖనిల లారీ బ్యాటరీలు చేసే ముసలాయన, చేతుల నిండ తేజాబ్ మచ్చలే, యాసిడ్‌ను ఆయన గట్లనే అంటడు. చాచా తన చేతులు ఆ వీపు పక్కకు పెట్టి పోల్చి చూసి, తేజాబ్ కారిన కాడికి కారుతది, దానికి మూలలుండయి, ఇది ఎవడో పలక పెట్టి గీసినట్టున్నది, దవాఖానకు పో భాయ్ అన్నడట. చదువు లేని చాచాకు చూడంగనే తెలిసింది. నాకు తెల్వలే, అల్లుని ఫోనుకు తెల్వలే.

దవాఖానకు పోయిండు. ఒక డాక్టరు, పేరు నేను రాయ, ఇదేందో తెల్వాలంటె ముక్క కోసి పంపాలన్నడు. కోసిండు. ముక్క చూసినోళ్లు ఫలానా అని చెప్పలేమని రాసి పంపిన్రు. చెప్పలేనోళ్లకు కోసుడెందుకు? కోసిన కాడ మానలే. నెల రోజులల్ల రూపాయి బిళ్ళంత పుండు, రెండు నెలలకు అరచెయ్యిల సగమంత. చీము లేదు, మానుడు లేదు, ఒక్కటే సలుపు.

అప్పుడు వదిన వచ్చింది మా ఇంటికి. కొడుకు శ్రీరాంపూర్ల డ్యూటీ, వారానికోసారి వస్తడు. ఇంట్ల ఆమె ఒక్కతే ఆయనకు. గడపల నిలవడి లోపటికి రాకుండనే అన్నది: "నీ అన్న మూడు నెలల సంది బోర్ల పంటుండు. నువ్వన్న మాటకు పుండు కన్న ఎక్కువ సలుపుతున్నది. నీకు సిగ్గుంటె రా."

సిగ్గున్నది, పోయిన. మంచం మీద బోర్ల పడుకొని ఉన్నడు. పట్టీ ఇప్పి చూసిన. నాలుగు దిక్కుల గీతలు సక్కగ, పలక తీరుగ. నడుమ పుండు, చుట్టు తెల్లగ నల్లగ మచ్చలు, సన్నని ఎర్ర నరాలు. యాసిడ్ పుండ్లు ఎన్ని కడిగిననో గప్పుడు నా కండ్ల ముంగట తిరిగినయి. అన్నీ కారినయే, కిందికి గుంజినట్టున్నయే. ఇంకో సంగతి గప్పుడే యాదికొచ్చింది, ఇది యాదికొస్తె ఇప్పటికీ నా చెంప నేను కొట్టుకోవాలనిపిస్తది. ఆ యాసిడ్ పుండ్లన్నీ వేరే గనుల మనుషులయి. మా గని కిటికీల ఈయన నిలవడ్డన్ని ఏండ్లు, వీపు కాలి నా దగ్గరికి వచ్చినోడు ఒక్కడు లేడు. గా మనిషికి నేను యాసిడ్ అన్న. ఆయన పనిని తప్పన్నట్టే గద అది.

"తప్పయింది అన్నా," అన్న.

ఆయన దిండుల మొఖం పెట్టుకొనే, మంచిగ కడుగు అన్నడు. గంతే. మా ఇద్దరి నడుమ పంచాయితి గక్కడ ఒడిసింది.

రోజు పోయి కట్టిన. కడుగుతుంటె దీపాల ముచ్చట్లు చెప్పేది. మరిచిపోకుంట ఒకటి అడిగేది, ఎనుక ఏం కనవడుతున్నది, ఎట్లున్నది చెప్పు, అబద్ధం చెప్పకు అని. నేను ఎన్ని చెప్పినా ఆయన ఫికర్ ఒక్కటే. మానకపోతె మానకపాయె, దీనికి పేరు మాత్రం సరిగ్గ పెట్టాలె. పేరు తెల్వకుంట చస్తె తన మీద యాసిడ్ అన్న మాటనే మిగులుతదని.

నేనే కరీంనగర్ తోలుకపోయిన. చర్మం డాక్టరమ్మ, చిన్న పోరి, నా బిడ్డ వయసు గూడ ఉండదు. ఈమెకేం తెలుస్తదని నేను లోపట అనుకున్న. బుద్ధి రాలే చూడుర్రి నాకు. ఆమె పట్టీ ఇప్పి, గీతల మీద వేలు పెట్టకుంటనే గాలిల నాలుగు దిక్కుల గీసి, గుండెకు స్టెంటు వేసిన్రా అని అడిగింది. వేసిన్రన్న. ఎంత సేపు పట్టింది, ఎన్నిసార్లు అన్నది. చెప్పిన. పుస్తకం తెచ్చిన్రా అన్నది. అల్లుడు దానికి ప్లాస్టిక్ అట్టలేసి బీరువల దాచిండు, ఎవ్వడు సదువలే; నేను తీసి వెంట తెచ్చిన. ఆమె పేజీలు తిప్పి ఒక తాన ఆగింది. ఎక్స్‌రే ఎంతసేపు నడిచిందో దాంట్ల రెండు లైన్లు రాసి ఉన్నది. ఉప్పు సంగతి నాలుగు చోట్ల, ఇది ఒక్కటే చోట.

నిమ్మలంగ చెప్పింది. గుండె నరంల గొట్టం యాడికి పోతున్నదో చూడాలంటె ఎక్స్‌రే నడుస్తనే ఉండాలె. ఆ ఎక్స్‌రే బల్ల కిందికెళ్లి వీపులకెళ్లి లోపటికి పోతది. నలుపలకల కిటికీలకెళ్లి వస్తది గనుక నలుపలకలనే పడ్తది. ఎక్కువ మందికి ఏం కాదు. గొట్టం పని గంటలు గంటలు సాగి, అదే తాన మళ్ల పడితె ఎవలకో ఒక్కలకు తోలు గిట్ల కాల్తది. వెంటనే నొప్పి ఉండదు, వారాలకు బయటపడ్తది, నెలలకు ముదురుతది, గందుకే ఎవలూ దాన్ని గుండెతోని కలిపి చూడరు. ముక్క కోస్తె మానదు, ఇగ కోయనియ్యకుర్రి అన్నది. గుండెకు మళ్ల ఏమన్న చేసెదుంటె ఈ సంగతి ముందే చెప్పాలన్నది. తొడ తోలు తీసి అతికిచ్చే ఆపరేషన్ ఉంటది గని, ఆయన గుండె దానికి తట్టుకుంటదో లేదో చూడాలన్నది. తర్వాత గుండె డాక్టర్లు వద్దన్నరు.

లాంపన్న అంతా విని ఒక్కటే అడిగిండు.

"అమ్మా, యాసిడ్ కాదని రాస్తవా?"

ఆమెకు సమజ్ కాలే. నేను లాంప్‌రూం సంగతి చెప్పిన. గుడ్డ సంగతి సుత చెప్పిన. నేనేమన్ననో అది సుత దాచలే. ఆమె నా దిక్కు ఒకసారి చూసింది, గా చూపు నాకు సరిపోయింది. పెన్ను తీసి, గుండెకు గొట్టం వేసినప్పటి ఎక్స్‌రేతోని కాలిన గాయమని ఇంగ్లీషుల రాసి, కింద తెలుగుల పెద్దగ రాసింది: యాసిడ్ గాయం కాదు. సంతకం పెట్టింది.

బస్సుల వచ్చేటప్పుడు ఆయన ఆ కాయితం జేబుల పెట్టి, మళ్ల తీసి చూసి, మళ్ల పెట్టిండు. పెద్దపల్లి దాటినంక అన్నడు: "ఎక్స్‌రే లేకుంటె గప్పుడే పోదును తమ్మీ. అది నా వీపు తీసుకొని గుండె ఇచ్చింది, నాకు దాని మీద కోపం లేదు. పేరు తప్పు పెట్టిన్రని కోపం."

ఏడాదిన్నర కట్టిన ఆ పుండు. కొంచెం తగ్గేది, మళ్ల తెరుచుకునేది. ఆయన ఆ కాయితం టీ కొట్టుకు పట్టుకపోయిండు, గుడి కాడికి పట్టుకపోయిండు, పింఛను పని కాడ సుత తీసి చూపిచ్చిండు. ఒక్కడు పూర్తిగ సదువలే. అల్లుడైతె, ఏదైతేంది మామా, పుండు పుండే గదా అన్నడు. గసుంటోళ్లకు ఏమని చెప్తం? ముప్పై మూడేండ్లు ప్రతి బ్యాటరీ అడుగు తుడిచిన మనిషికి ఏదైనా ఒక్కటే కాదు. ఏదైతేంది అనెటోళ్లు ఎన్నడూ దేన్ని తుడిచి ఉండరు.

ఇగ మొన్నటి ముచ్చట. పోయేసరికి వాకిట్ల టెంట్ ఏస్తున్నరు. స్నానం పోసేటందుకు బల్ల మీద పండవెట్టిన్రు. నీళ్లు పోస్తుంటె పట్టీ తడిసి ఊడి వచ్చింది. పక్కకు తిప్పంగనే వీపు బయటపడ్డది. చుట్టు మంది మెడలు సాపి చూసిన్రు. అదే మాట మళ్ల వచ్చింది. యాసిడ్ పాపం, లాంప్‌రూంల. అల్లుడు అవును అవును అన్నట్టు తలకాయ ఊపిండు. కాయితం ఆయన అంగీ జేబులనే ఉన్నది, ఆ అంగీ ఎనుక గోడ మొలకు వేలాడుతున్నది. ఎవ్వడూ అటు తిరుగడు.

ఒర్రుదామని నోటిదాక వచ్చింది. ఆగిన. బతికున్నప్పుడు సదువనోళ్లు ఇప్పుడు సదువుతరా? ఇంటికి పోయి నా పెట్టె తెచ్చిన. అల్లుడు అడ్డమొచ్చి, చచ్చిపోయినాయనకు పట్టీ ఏంది, లేటయితున్నది అన్నడు. పక్కకు జరుగు అన్న. నా మొఖం చూసి జరిగిండు.

వదిన లోపటికి పోయింది. వచ్చేటప్పుడు చేతిల పసుపు గుడ్డ ఉన్నది, లాంప్‌రూంది, వెలిసి దాదాపు తెల్లగయ్యింది. నా చేతిల పెట్టింది.

మందు నీళ్లతోని కడిగిన. ఆ గుడ్డతోని తడి లేకుంట తుడిచిన. మళ్ల ఒకసారి తుడిచిన, మూలలు సుత, నాలుగు మూలలు. తెల్ల బట్ట నలుపలకల కత్తిరిచ్చి పెట్టి, అంచులు సక్కగ అంటిచ్చిన. ఎనుక నుంచి లేటు లేటు అని గునుగుతనే ఉన్నరు. నా చెయ్యి ఉరుకలే.

అయినంక గుడ్డ ఆయన భుజం మీద ఏసి, లేచి, ఎత్తుకపొయ్యే నలుగురి దిక్కు తిరిగిన.

"తుడిచిన," అన్న. "తీస్కపోర్రి."